బంతి భోజనాల కాలం: డెల్టా పల్లెల్లో ఊరుమ్మడి పెళ్ళివంట

1970ల దాకా గోదావరి, కృష్ణా డెల్టా పల్లెల్లో పెళ్ళివంట ఊరుమ్మడి పని. ధాన్యం పెళ్ళివారిది, గుండిగలు నాలుగు వీధులవాళ్ళవి, పాలూ పెరుగూ ఇరుగుపొరుగువి. ఆకులు కుట్టేది వాడకట్టు ఆడవాళ్ళు, వడ్డించేది ఊరి కుర్రవాళ్ళు. మొత్తం బాధ్యత నెత్తిన వేసుకునే కాంట్రాక్టరు లేడు, తలకింత అని ధర కట్టేవాడూ లేడు. అయినా రోజుల తరబడి, పూటకు వందల ఆకులు లేచే పెళ్ళిళ్ళు సాఫీగా సాగిపోయేవి. ఎవరింట్లో ఎందరున్నారో, ఎవరు ఏం తింటారో, ఎవరు ఏం తినకూడదో ఊరికి తెలిసి ఉండడమే ఆ ఏర్పాటుకు ఆధారం. ఇప్పుడు కనుమరుగైంది ముఖ్యంగా ఆ ఎరుకే.

ముహూర్తం, ధాన్యం

పెళ్ళిళ్ళ కాలాన్ని పంచాంగమూ పంటా కలిసి నిర్ణయించేవి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం శూన్యమాసాలు. గురుమూఢం, శుక్రమూఢం ఉన్న రోజుల్లో ముహూర్తాలు పెట్టరు. మిగిలిన నెలల్లో మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు పెళ్ళిళ్ళకు పెట్టింది పేరు. పొలం లెక్క కూడా దీనికి సరిపోయేది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట, 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో సార్వా వరి నిలకడైన పంట అయింది. సంక్రాంతి నాటికి ధాన్యం గాదెలకు చేరేది, చేతిలో డబ్బు ఆడేది, మనుషులకూ ఎడ్లకూ తీరిక దొరికేది. పెళ్ళికి కావలసినవి ఈ మూడే.

అయితే ఆ ఏడు పండిన ధాన్యం ఆ ఏడు పెళ్ళికి పనికిరాదు. కొత్త బియ్యం వండితే అన్నం ముద్ద కడుతుంది, పెద్ద గుండిగలో అయితే అడుగున మాడి పైన పలుకుగా ఉండిపోతుంది. అందుకే పిల్ల పెళ్ళీడుకు వస్తోందంటే ఏడాది ముందే ఒక పురి ధాన్యం విప్పకుండా అట్టే ఉంచేవారు. 1966లో ఐఆర్ 8 వచ్చి, దాని వెనకే పొట్టి వరి రకాలు పొలాలను ఆక్రమించేదాకా అక్కుళ్ళు, కృష్ణకాటుకలు వంటి పాత రకాలు పెళ్ళిళ్ళకు పేరుమోశాయి. మిల్లులు రాకముందు ఆ బియ్యమంతా రోకళ్ళతో దంచినవే.

పనులు పసుపు దంచడంతో మొదలయ్యేవి. మంచిరోజు చూసి, రోలుకూ రోకలికీ తిరగలికీ పసుపు రాసి బొట్లు పెట్టి, తోరం కట్టి, ముత్తైదువులు నాలుగు పోట్లు వేసేవారు. ఆ తరువాత నుంచి ఆ ఇంట్లో తిరగలి చప్పుడు ఆగేది కాదు. కందులు వేయించి విసరడం, మినుములు పగలేసి పొట్టు తీయడం, కారం, పసుపు, ధనియాలు దంచుకోవడం, ఎండ బాగా కాసే రోజుల్లో అప్పడాలు ఒత్తడం, వడియాలు పెట్టడం వాడకట్టు ఆడవాళ్ళు వంతులు వేసుకుని చేసేవారు. ఈ రోజు ఒక ఇంటికి వెళ్ళిన మనిషి ఇంటికి రేపు ఆ ఇంటివాళ్ళు రావాలి. చేబదులు లాంటి ఈ శ్రమకు కాగితం మీద లెక్క లేకపోయినా ఎవరూ మరిచేవారు కాదు.

పట్టీ, కొలతలు

ముహూర్తం పెట్టుకున్నాక మొదట కబురు వెళ్ళేది వంటమేస్త్రీకి. బ్రాహ్మణ, వైశ్య గృహాల్లో వంటబ్రాహ్మణులే ఆ పని చేసేవారు. ఇతర కులాల పెళ్ళిళ్ళలో కూడా పిండివంటలకు వాళ్ళను పిలిపించుకునే అలవాటు చాలా ఊళ్ళలో ఉండేది. మేస్త్రీ వచ్చి అరుగు మీద కూర్చుని, ఎన్ని రోజుల పెళ్ళి, మగపెళ్ళివారు ఏ ఊరివారు, ఎన్ని బళ్ళు వస్తాయి, ఊళ్ళో ఎన్ని గడపలకు పిలుపు అని అడిగి సరుకుల పట్టీ చెప్పేవాడు. ఇంటి పెద్దో, చేతిరాత బాగున్న కుర్రవాడో రాసుకునేవారు. పట్టీకి పైన పసుపు, కుంకుమ, బెల్లం రాసి ఆ తరువాతే మిగతా సరుకులు రాసేవారు.

బియ్యం, పప్పులు, నూనె, నెయ్యి కొలతల్లోనూ, బెల్లం, చింతపండు, మిరపకాయలు తూకాల్లోనూ ఉండేవి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. తూకంలో అయిదు శేర్లు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. వీశె ఇప్పటి లెక్కలో సుమారు 1.4 కిలోలు, మణుగు 11 కిలోల పైచిలుకు. 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చి 1960లలో అంగళ్ళలో కిలోలు, లీటర్లు స్థిరపడ్డాక కూడా వంటమేస్త్రీలు చాలాకాలం కుంచాల్లోనే ఆలోచించారు. ఎసట్లో పోసే నీళ్ళు, పప్పులో వేసే ఉప్పు, పూర్ణానికి కావలసిన బెల్లం అన్నీ కుంచానికి ఇంత అనే వాళ్ళ చేతికి వచ్చు.

బెల్లం అనకాపల్లిది, మిరపకాయలు గుంటూరువి అయితే పెళ్ళివారికి పరువు. కూరగాయలకు మాత్రం దూరం వెళ్ళేవారు కాదు. గుమ్మడికాయలు ఇంటి కప్పుల మీదివి, కంద, అరటికాయలు, పనసకాయలు తోటల్లోవి, బచ్చలి, కరివేపాకు పెరళ్ళలోవి. నెయ్యి మాత్రం రెండు నెలల ముందు నుంచీ వెన్న కాచి జాడీల్లో నింపుకోవాలి. పాలూ పెరుగూ పెళ్ళినాడు ఊరే సర్దేది. ముందురోజు సాయంత్రం ఎవరింట్లో వాళ్ళు పాలు తోడు పెట్టి, తెల్లారేసరికి ఆ కుండను పెళ్ళివారింటికి పంపేవారు.

పాత్రలు, పందిరి, పొయ్యి

వందల మందికి వండే పాత్రలు ఏ ఒక్క ఇంట్లోనూ ఉండవు. అన్నానికి గుండిగలు, నీళ్ళకు గంగాళాలు, కాగులు, పిండివంటలకు వెడల్పాటి బాణళ్ళు ఊళ్ళో నాలుగు ఇళ్ళ నుంచి, గుడి నుంచి, ఒక్కోసారి పొరుగూరి నుంచి బండి కట్టి తెచ్చేవారు. ఎవరివి వారికి చేరాలి కాబట్టి పాత్ర అంచున సన్నని ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టించిన పొడి అక్షరాలుండేవి. ఇంటిపేరు, పేరు, కొన్నిటి మీద కొన్న సంవత్సరం కూడా. పెళ్ళి అయిపోయాక చింతపండుతో తళతళలాడేలా తోమించి, వట్టి పాత్ర పంపకూడదని గుప్పెడు మిఠాయో నాలుగు అరటిపళ్ళో వేసి తిప్పి పంపడం మర్యాద.

ఇత్తడి, రాగి పాత్రల్లో పులుపు వండితే కిలుము దిగుతుంది. దాంతో పెళ్ళికి ముందు కళాయివాణ్ణి పిలిపించడం తప్పనిసరి. అతను వీధిలో చిన్న గుంట తవ్వి, తోలుతిత్తితో బొగ్గులు రాజేసి, పాత్రను ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్క రాచి, గుడ్డపీలికతో ఒక్క తుడుపు తుడిచేవాడు. నల్లగా ఉన్న పాత్ర లోపల వెండిలా మెరిసేది. చుట్టూ చేరే పిల్లలకు అదే పెళ్ళి సందడికి మొదలు.

పెళ్ళికి కొద్దిరోజుల ముందు రాట పాతి, పందిరి వేసేవారు. తాటియాకులు, కొబ్బరాకులు కప్పు. స్తంభాలకు అరటి బోదెలు. చుట్టూ మామిడి తోరణాలు. పైన చాకలివారు కట్టిన చాందినీ. పందిరి వేయడానికి ఇంటికో మనిషి వచ్చేవాడు. పెరట్లో గాలివాలు చూసి గాడిపొయ్యి తవ్వేవారు. మోకాలి లోతున పొడుగ్గా తవ్విన కందకం మీద గుండిగలు వరసగా ఎక్కించి, ఒక కొస నుంచి చింత, తుమ్మ, సరుగుడు దుంగలు తోసేవారు. కట్టెలు ముందు ఏడాదే కొట్టి ఎండబెట్టినవి కావాలి, పచ్చివైతే పొగకు వంటవాళ్ళు నిలవలేరు. పొయ్యికి పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెలిగించాక పెళ్ళి అయ్యేదాకా దాన్ని ఆరనిచ్చేవారు కాదు.

అన్నం వార్చడమే అన్నిటికన్నా నేర్పూ బలమూ కావలసిన పని. ఉడికిన గుండిగ మూతికి సిబ్బి పెట్టి, గుడ్డ వాసెన కట్టి, చెవుల్లోంచి గెడ దూర్చి ఇద్దరు మనుషులు వంచితే గంజి తొట్టిలోకి దిగేది. ఆ గంజి పశువుల కుడితిలోకి పోయేది. వార్చిన అన్నాన్ని కొత్త చాపల మీద ఉతికిన తెల్లబట్ట పరిచి రాశి పోసేవారు. ఆవిరి పోయి మెతుకు మెతుకు విడిపోయేది. బంతి బంతికీ ఆ రాశి నుంచి బుట్టలకెత్తి తీసుకెళ్ళేవారు.

పిలుపులు

శుభలేఖలు అచ్చొత్తించి నాలుగు మూలలా పసుపు రాయడం దూరపు బంధువుల కోసం. ఊళ్ళో పిలుపు నోటితోనే. ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచేవారు. ఆ పిలుపులో రకాలుండేవి. ఇంటికొక్కరని పిలిస్తే మగవాళ్ళలో ఒకరు రావాలి. ఇంటిల్లిపాదినీ పిలిస్తే పిల్లాపాపలతో రావాలి. పెళ్ళినాడు మీ ఇంట పొయ్యి వెలిగించవద్దని చెబితే పాలేళ్ళు, ఆ ఇంటికి వచ్చిన చుట్టాలు సహా అందరూ రెండు పూటలా పెళ్ళివారింటే తినాలి. ఏ గడపకు ఏ పిలుపు వెళ్ళిందో తెలుసు కాబట్టి ఎన్ని ఆకులు లేస్తాయో వంటమేస్త్రీ ముందే చెప్పగలిగేవాడు. వస్తామనీ రామనీ జవాబు పంపాల్సిన పని ఎవరికీ ఉండేది కాదు.

ఆకులు వేశాక రెండో పిలుపు వచ్చేది. మనిషిని ఇంటింటికీ పంపి వడ్డనలయ్యాయి, దయచేయండి అని చెప్పించాలి. ఆ రెండో పిలుపు రానిదే కొందరు పెద్దలు గడప దాటేవారు కాదు. పిలవడంలో పొరపాటు జరిగితే ఏళ్ళ తరబడి రెండిళ్ళకూ మాటలుండేవి కావు.

విడిది

మగపెళ్ళివారు ఎడ్లబళ్ళ మీదో, డెల్టాలో అయితే కాలవ పడవల మీదో తరలివచ్చేవారు. ఊరి పొలిమేరలో మేళతాళాలతో ఎదుర్కోలు, పానకం బిందెలతో మర్యాద. వాళ్ళ కోసం ఊళ్ళోని ఒక మంచి లోగిలిని ఖాళీ చేయించి విడిదిగా ఇచ్చేవారు. ఆ ఇంటివాళ్ళు నాలుగు రోజులు పెరటి కొట్టంలో సర్దుకునేవారు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో విడిది ఏర్పాట్లు, వియ్యాలవారి మర్యాదలు, విందు అంత విస్తారంగా ఉండి ప్రేక్షకులకు అంతగా పట్టడానికి కారణం, నాటి వాళ్ళంతా వాటిని సొంత ఊళ్ళలో చూసి ఉండడమే.

విడిదికి పొద్దున్నే పందుంపుల్లలు, వేణ్ణీళ్ళు, నలుగుపిండి, తలంటు నూనె, కాఫీ, ఫలహారాలు పంపాలి. కాఫీ డెల్టా పల్లెల్లో మర్యాదగా స్థిరపడింది ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో. అంతకుముందు పెద్దలకు మజ్జిగ, పిల్లలకు చద్దన్నం. ఉప్మా, పెసరట్టు విడిది ఫలహారాలుగా కాఫీతో పాటే బలపడ్డాయి. వాటిలో జీడిపప్పు తగ్గిందనీ, చట్నీ చల్లారిందనీ అలకలు రావడం పెళ్ళి వేడుకలో భాగమే. వాటిని ఓపిగ్గా సర్దుబాటు చేయడానికి మాటనేర్పు గల మేనమామనో పెదనాన్ననో విడిది దగ్గరే ఉంచేవారు.

ఆకు, వడ్డన

విస్తరి ఏ ఆకుతో కుట్టాలన్నది ప్రాంతాన్ని బట్టి ఉండేది. డెల్టాలో అరటి ఆకు, మర్రి ఆకు, బాదం ఆకు, ఉత్తరాంధ్రలో ఏజెన్సీ కొండల నుంచి వచ్చే అడ్డాకు, తెలంగాణలో మోదుగాకు. పులుసుకూ పాయసానికీ ఆకుదొన్నెలు. అరటి ఆకును కొస ఎడమవైపు ఉండేలా వేసి నీళ్ళు చిలకరించేవారు. వరసగా ఎదురెదురుగా కూర్చున్న మనుషులంతా ఒక బంతి. పీటలున్నంత వరకు పెద్దలకు, తరువాతివాళ్ళకు చాపలు.

వడ్డన జీతగాళ్ళది కాదు. చుట్టాల్లో, ఊళ్ళో చురుకైన యువకులు ఉత్తరీయం నడుముకు బిగించి దిగేవారు. ముందుగా పప్పు, కూరలు, పచ్చళ్ళు, పులిహోర, బూరె లేదా బొబ్బట్టు తమ తమ చోట్ల పెట్టి, ఆ తరువాత అన్నం, చివర నేతి జారీ. నెయ్యి వడ్డన పెద్దవాళ్ళ చేతిలో ఉండేది, చెయ్యి వెనక్కి తీసుకోకూడదు. నెయ్యి పడ్డాక గోవింద నామం చెప్పి, ఔపోసన పట్టి భోజనం మొదలుపెట్టేవారు. ముందు ముద్దపప్పూ నెయ్యీ, తరువాత కూరలు, పచ్చళ్ళు, ఆపైన గుమ్మడికాయ దప్పళం, చారు, చివర పెరుగు. గోదావరి జిల్లాల్లో ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందబచ్చలి లేనిదే పెళ్ళి భోజనం అనిపించుకునేది కాదు. అదే బొబ్బట్టును రాయలసీమలో ఓళిగలుగా, తెలంగాణలో పోలెలుగా వడ్డించేవారు.

బంతిలో ఎవరూ ముందు లేవకూడదు. పళ్ళు లేని ముసలాయన పెరుగన్నం ముగించేదాకా పాతికేళ్ళ కుర్రవాడైనా ఆగాల్సిందే. అందరూ ఒక్కసారి లేచాక ఆకులెత్తి, నేల అలికి, తరువాతి బంతికి ఆకులు వేసేవారు. కన్యాదాతలు కన్యాదానం అయ్యేదాకా ఉపవాసం. వడ్డించినవాళ్ళు, వంటవాళ్ళు, ఇంటి ఆడవాళ్ళు చివరి బంతి. వాళ్ళ వంతు వచ్చేసరికి కూరలు అడుగంటడం, పొద్దు వాలిపోవడం మామూలే.

ఎవరి భోజనం వారిది

ఇన్ని వందల మందికి ఒకే వంట చేసినా, అందరిచేతా ఒకటే తినిపించేవారు కాదు. ప్రత్యేక ఆహారం కావలసినవాళ్ళ జాబితా రాతలో ఉండదు, ఇంటి పెద్దావిడ నోట్లో ఉంటుంది. ఆమె వంటమేస్త్రీని పక్కకు పిలిచి ఒక్కొక్కరి సంగతీ చెప్పేది.

మడి కట్టుకునే వాళ్ళకు వంటింట్లో వేరే పొయ్యి. భర్త పోయిన పెద్దవాళ్ళు చాలామంది ఒంటిపూట మాత్రమే అన్నం తినేవారు. రాత్రికి వాళ్ళకు ఉప్పుడుపిండి, మినపరొట్టె, అటుకులు, పళ్ళు సిద్ధం చేయాలి. శనివారాలు, ఏకాదశులు పెళ్ళి రోజుల మధ్య వస్తే ఉపవాసం ఉండేవాళ్ళకు ఫలహారం, ద్వాదశి ఉదయం పెందరాళే పారణ. శ్రావణంలో పెళ్ళి అయితే మధ్వ సంప్రదాయంవారి చాతుర్మాస్య నియమం గుర్తుపెట్టుకోవాలి. ఆ వ్రతంలో మొదటి నెల కూరగాయలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పుదినుసులు మానేస్తారు. వాళ్ళ ఆకులో ఏది వేయకూడదో వడ్డించే కుర్రవాడికి ముందే చెప్పి ఉంచేవారు. బ్రాహ్మణ, వైశ్య పెళ్ళిళ్ళలో ఉల్లి, వెల్లుల్లి అసలు పొయ్యి దాకా రావు.

బాలింతలకు పాతబియ్యపు అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం లోపలి గదిలోనే పెట్టేవారు. వంకాయ, గుమ్మడి, కొత్త ఆవకాయ వాళ్ళ దరికి పోనిచ్చేవారు కాదు. మందు వాడుతున్నవారికి వైద్యుడు చెప్పిన పథ్యం. కొందరికి చప్పిడి, కొందరికి చింతపండు కూడదు, ఉబ్బసం ఉన్నవారికి పెరుగు పనికిరాదు. పళ్ళు లేనివారికి చారన్నం మెత్తగా పిసికి తేవాలి. అతిమూత్ర వ్యాధి ఉన్నవారికి బూరె వేయకుండా పులిహోర, కూర ఎక్కువ వేసేవారు. ఆ పెద్దాయన ఆకులో తీపి ఎందుకు లేదని పక్కవాళ్ళు అడిగే అవసరమే ఉండేది కాదు, కారణం బంతి అంతటికీ తెలుసు.

రుచుల తేడాలనూ వదిలిపెట్టేవారు కాదు. గోదావరివారు పులుసులో బెల్లం వేస్తారు, గుంటూరువారికి అది సహించదు, వాళ్ళకు కారం కావాలి. వియ్యంకులు వేరే జిల్లావారైతే వాళ్ళ పద్ధతిలో ఒక చిన్న గిన్నెడు పులుసు విడిగా కాయించేవారు. మాంసం తినే కులాల్లో కూడా కోస్తాలో పెళ్ళిపందిరి భోజనం చాలాచోట్ల శాకాహారమే. మాంసాహారం తరువాతి విందుల్లో. తెలంగాణ పల్లెల్లో లగ్గానికి యాటను కోసి బంధువులకు పెట్టే ఆచారం బలంగా ఉండేది. అలాంటి ఇళ్ళలో పెళ్ళి జరిపించే పురోహితుడికి, ఇతరుల చేతి వంట తినని అతిథికి బియ్యం, పప్పు, కూరగాయలు, నెయ్యి, కట్టెలు కలిపి స్వయంపాకం ఇచ్చేవారు. ఆయన తన వంట తానే వండుకునేవాడు. అతిథి నియమానికి భంగం కలగకుండా, ఆతిథ్యానికి లోటు రాకుండా పుట్టిన ఏర్పాటు అది.

బంతి బయట

ఇంత శ్రద్ధ ఉన్న ఆ వ్యవస్థలోనే ఘోరమైన అన్యాయమూ ఉంది. దాన్ని దాచి ఈ జ్ఞాపకాన్ని పదిలపరచడం సత్యం కాదు. పెళ్ళికి కుండలు చేసిన కుమ్మరి, పీటలు చెక్కిన వడ్రంగి, బుట్టలల్లిన మేదరి, సన్నాయి ఊదిన మంగలి, దివిటీ పట్టిన చాకలి లేకుండా పెళ్ళి జరగదు. వాళ్ళకు ఏటా ధాన్యం మేరలు, పెళ్ళికి బట్టలు, కట్నం ముట్టేవి. కానీ బంతిలో వాళ్ళ చోటు వేరు, వంతు చివర. దళితులకు పందిరిలోకి ప్రవేశమే లేదు. గాడిపొయ్యికి దుంగలు మోసిన చేతులకే, అన్ని బంతులూ అయ్యాక, దూరంగా నిలబెట్టి వాళ్ళు తెచ్చుకున్న గిన్నెల్లో పోసేవారు.

బంతిలో చోటు ఇవ్వకపోవడం శిక్షగా కూడా వాడారు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు సనాతనులు వెలి ప్రకటించారు. వంటకూ నీళ్ళకూ మనుషులు దొరకలేదు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి నీళ్ళు మోసి తెచ్చి స్వయంగా వంట చేశారు. ఒక పెళ్ళిని ఆపాలంటే దాని వంటను ఆపితే చాలని ఊరికి తెలుసు. అదే తెలిసి వండిపెట్టిన ఆ ఇల్లాలి ధైర్యం సంస్కరణ చరిత్రలో చిన్న విషయం కాదు.

ఎదురు సంప్రదాయమూ తెలుగునాట పాతదే. పల్నాడులో బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పెట్టిన చాపకూడును కారంపూడి వీరుల ఉత్సవాల్లో నేటికీ జరుపుతారు. ఇరవయ్యో శతాబ్దంలో సంస్కర్తలు, జాతీయోద్యమకారులు సహపంక్తి భోజనాలను ఉద్యమంగా నడిపారు. పెళ్ళి పందిళ్ళలో మాత్రం ఆ మార్పు చాలా నెమ్మదిగా వచ్చింది.

చదివింపులు

ఖర్చు కూడా ఊరుమ్మడిదే. తలంబ్రాల తరువాత పందిట్లో చదివింపులు మొదలయ్యేవి. ఒకరు గొంతెత్తి ఫలానావారు నూటపదహార్లు, ఫలానావారు ఇత్తడి బిందె అని చదువుతుంటే మరొకరు పుస్తకంలో రాసుకునేవారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, నేతి చెంబులు తెచ్చినవాళ్ళ పేర్లూ అందులో ఎక్కేవి. అది బహుమతుల పట్టికగానే మిగిలేది కాదు, తీర్చవలసిన బాకీల చిట్టాగా కూడా పనిచేసేది. వాళ్ళింట శుభకార్యం జరిగినప్పుడు ఆ పుస్తకం తీసి, అంతకు తగ్గకుండా చదివించాలి. ఒక పెళ్ళికి ఇల్లు తాకట్టుపడకుండా కాపాడిన బలం ఇందులో ఉంది. అయితే వరకట్నం ముందు ఆ బలం చాలేది కాదు. 1961లో నిషేధ చట్టం వచ్చినా పెళ్ళి ఖర్చులో అసలు భారం భోజనాలది కాదు, కట్నానిదే.

మారిన కాలం

ఈ ఏర్పాటు ఒక్కసారిగా పోలేదు. ముందుగా పెళ్ళి రోజులు తగ్గాయి. 1930 ఏప్రిల్ నుంచి శారదా చట్టం అమలులోకి వచ్చి బాల్యవివాహాలు క్రమంగా తగ్గడంతో వధూవరుల వయసు పెరిగింది, చదువులు, ఉద్యోగాలు ముహూర్తాలను శాసించాయి. రెండో ప్రపంచయుద్ధం నాటి ధాన్యం కొరత విందులను కుదించింది. అయిదు రోజుల పెళ్ళి మూడు రోజులకు, అక్కడి నుంచి ఒక్క రోజుకు వచ్చింది. సెలవు రెండు రోజులే దొరికే మేనమామ విడిది దగ్గర వారం కాపలా ఉండలేడు.

1970ల నుంచి పట్టణాల్లో కల్యాణ మండపాలు పెరిగాయి. అద్దెకు షామియానాలు, స్టీలు పాత్రలు, బల్లలు వచ్చాయి. గాడిపొయ్యి స్థానంలో గ్యాస్ పొయ్యి చేరింది. ఊళ్ళో పాత్రలు అడిగే అవసరం తీరాక కళాయివాడూ కనిపించడం మానేశాడు. 1984లో కరణం, మునసబు వంటి వంశపారంపర్య ఉద్యోగాల రద్దుతో పాత గ్రామ పెత్తనం వెనక్కి తగ్గింది, మేరల పద్ధతీ సన్నగిల్లింది. కులవృత్తులవాళ్ళు కూలి డబ్బులకు పని చేయడం మొదలుపెట్టారు. అది వాళ్ళకు న్యాయమైన మార్పు. ఆ తరువాత క్యాటరింగ్ వచ్చింది, నిలబడి తినే బఫే వచ్చింది. ప్లేటుకు ఇంత అని ధర, ఎన్ని ప్లేట్లో ముందే చెప్పాలి. డబ్బిచ్చి వండించే పందిట్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించడం చాలావరకు పోయింది. ఇంటి ఆడవాళ్ళు కూడా సమయానికి తింటున్నారు. ఈ రెండూ నిజమైన లాభాలు.

పోయినదేమిటో కూడా స్పష్టమే. పాత వంటకాలన్నీ నేటి జాబితాల్లో ఉన్నాయి, వాటి పక్కన ఇంకా వంద చేరాయి. మధుమేహం నాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువమందికి ఉంది, బల్ల మీద తీపి రకాలూ అంతే పెరిగాయి, కానీ ఆ పెద్దాయన ఆకులో బూరె వేయవద్దని చెప్పే మనిషి లేడు. ఉపవాసం ఉన్న అతిథి ఖాళీ కడుపుతో వెళ్ళిపోతే గమనించేవారూ లేరు. నేటి క్యాటరర్లు శ్రద్ధగలవాళ్ళైతే ముందుగానే అడుగుతున్నారు: ఉల్లి, వెల్లుల్లి లేని వంట ఎందరికి, ఉప్పు తక్కువ ఎవరికి, వేరుశనగ పడనివారు ఉన్నారా అని. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పవలసింది పెళ్ళివారే. ఆ జవాబు తెలియాలంటే పిలిచే ఇంట్లో ఒకరు, ఫోనులోనైనా సరే, దగ్గరివాళ్ళను పేరుపేరునా కనుక్కోవాలి.

కొన్ని ఇళ్ళలో బంతి వడ్డన తిరిగి వస్తోంది. 2022 జులై నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువుల మీద నిషేధం వచ్చాక అడ్డాకులకూ అరటి ఆకులకూ మళ్ళీ గిరాకీ పెరిగింది. కుల భేదం లేకుండా అందరూ ఒకే బంతిలో కూర్చునే పెళ్ళిళ్ళు జరుగుతున్న ఊళ్ళు, పాత ఏర్పాటులోని మంచిని దాని చెడు నుంచి విడదీయవచ్చని చూపుతున్నాయి.

ఆ కాలానికి మిగిలిన రాతపూర్వక ఆధారాలు చాలా తక్కువ. సరుకుల పట్టీలు, చదివింపుల పుస్తకాలు, పొడి అక్షరాలు కొట్టిన గుండిగలు మాత్రమే. పట్టీలు చెదలు పట్టి, గుండిగలు పాతసామాన్లవాడికి తూకానికి వెళ్ళి ఏటికేడు తగ్గిపోతున్నాయి. ఒక కుంచం బియ్యానికి ఎంత పప్పు, ఏ ఇంటికి ఏ పిలుపు, ఏ ముత్తవ్వకు ఏ పథ్యం అన్నవి వాటిలోనే, వాటిని చదివి చెప్పగల పెద్దవాళ్ళ దగ్గరే ఉన్నాయి. పట్టీలను నకలు తీసి, పాత్రల మీది పేర్లు రాసుకుని, వంటమేస్త్రీల కుటుంబాల దగ్గర కొలతలు అడిగి తెలుసుకుంటే ఒక్కో ఊరి పెళ్ళివంట చరిత్రనైనా నిలుపుకోవచ్చు. ఆ పని ఏ ఊరివాళ్ళు ఆ ఊళ్ళో చేయగలిగిందే.